ఆయుధాల వరసలో ల్యాప్‌టాప్

"కంప్యూటర్ మీద కొబ్బరినీళ్ళు చల్లే ఇళ్ళు కూడా ఉంటాయా?" అని ఇప్పటికీ నవ్వేవాళ్ళున్నారు. ఉంటాయి. మాదే. ఇల్లు గాజువాకలో, ల్యాప్‌టాప్ నాది, కొబ్బరికాయ కొట్టింది మా మావయ్యగారు. ఆయన్ని ఎవరైనా ఎగతాళిగా ఒక్క మాటంటే నేను ఊరుకోను. ఎందుకు ఊరుకోనో తెలియాలంటే ఆ దసరా సంగతి మొదట్నుంచీ చెప్పాలి.

మావయ్యగారు స్టీల్‌ప్లాంటులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. వాళ్ళది గోదావరి జిల్లా. ప్లాంటు కడుతున్న రోజుల్లో వచ్చి ఇక్కడే స్థిరపడిపోయారు. మాది అనకాపల్లి అవతల పల్లెటూరు, వ్యవసాయం చేసుకునే కుటుంబం. పెళ్ళయిన కొత్తలో నేను "నాను" అన్నప్పుడల్లా అత్తయ్యగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవారు. ఆవిడ మనసులో ఏమీ ఉండేది కాదు గానీ నాకు మాత్రం ఒళ్ళు మండేది. పోనీలే అని ఇంట్లో "నేను" అనడం అలవాటు చేసుకున్నాను. కోపం వస్తే మాత్రం ఆ అలవాటు గాల్లో కలిసిపోయేది. నా కోపం సంగతి మా వీధి వీధంతటికీ తెలుసు.

ఐటీఐలో డ్రాయింగు కోర్సు పూర్తిచేశాక, తొంభైల చివర్లో, ద్వారకానగర్‌లో ఒక మేడమీది ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్ మీద డ్రాయింగులు గీయడం నేర్చుకున్నాను. బ్యాచ్ అంతా మగపిల్లలే. ఇద్దరికొక కంప్యూటర్ అన్నారు గానీ, మౌస్ నా చేతికి వచ్చేసరికి క్లాసు అయిపోయేది. అందుకని వాళ్ళు కిందికి టీకి వెళ్ళినప్పుడు నేను వెళ్ళేదాన్ని కాదు. నేను నేర్చుకున్నదాంట్లో సగం వాళ్ళ టీ పుణ్యమే.

తరవాత ఆటోనగర్‌లో ఇనప షెడ్లు కట్టే ఒక ఆఫీసులో ఉద్యోగం దొరికింది. స్తంభాలు, దూలాలు, వాటిని కలిపే ప్లేట్లు, ప్లేట్లకు పడే బోల్టులు, ఇవన్నీ గీయడం నా పని. ప్రతి డ్రాయింగుకీ కింద కుడిమూల చిన్న గడులుంటాయి. అందులో ఒకదాంట్లో గీసినవాళ్ళ పేరు రాయాలి. నేను గీసిన ప్రతి కాగితం మీదా ఆ గడిలో మా పెద్ద ఇంజనీరుగారి పొడి అక్షరాలే ఉండేవి. ఒకసారి అడిగేశాను. ఆడపేరు కనిపిస్తే పని ఇచ్చే పార్టీలవాళ్ళు కొలతలు నమ్మరని ఆయన చాలా మర్యాదగా చెప్పారు. ఆ మర్యాద నాకు ఇప్పటికీ అరగలేదు.

పాప పుట్టాక ఉద్యోగం మానేసి, ఒక పాత ల్యాప్‌టాప్ కొనుక్కుని ఇంట్లోనే పనులు చేయడం మొదలుపెట్టాను. ఇప్పటి వాటిలా సన్నటిది కాదు, ఎత్తితే చెయ్యి లాగేసేంత బరువు. భోజనాల బల్ల చివర దాని చోటు. ఎవరైనా చుట్టాలొచ్చి కోడలేం చేస్తోందని అడిగితే, అత్తయ్యగారు "కంప్యూటర్‌తో ఆడుకుంటోంది" అనేవారు. మా ఆయన పోర్టులో షిఫ్టు డ్యూటీలు చేసేవారు. చెడ్డమనిషి కాదు. కాకపోతే నేను చేసేదాన్ని ఆయన పని అని ఎప్పుడూ అనలేదు. "ఆ గీతలు అయ్యాయా, అన్నం పెడతావా?" అనేవారు.

ఆ దసరా సంవత్సరం గాజువాకలోనే ఒక వర్క్‌షాపాయన నాకు ఒక పెద్ద షెడ్డు డ్రాయింగులన్నీ అప్పగించాడు. ఇంజనీరు లెక్కలు వేసి ఇచ్చాక, గీయడమంతా పునాది బోల్టు దగ్గర్నుంచి పైకప్పు రేకు దాకా నాదే. ఒప్పుకునే ముందు ఒక షరతు పెట్టాను. ఆ మూల గడిలో నా పేరుండాలి. ఆయన పెద్దగా నవ్వి ఒప్పుకున్నాడు.

"అలాగే ఏసుకో తల్లీ. తప్పొత్తే ఎవర్ని తిట్టాలో నాకూ తెలుత్తాది."

ఆ మాటకు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. తిట్టడానికైనా నా పేరు కావాలన్న మనిషి అప్పటిదాకా తగల్లేదు. దసరా ముందు రోజుకు పని పూర్తయింది. పండక్కి వర్క్‌షాపు మూసేశారు కాబట్టి, తెరిచాక డ్రాయింగులు ఇస్తానన్నాను.

ఇక్కడ ఒక మాట. ఈ కథ విన్న ప్రతివాళ్ళూ కాపీ తీసి పెట్టుకోలేదా అని అడుగుతారు. తీశాను. చేసిన పని చేసినట్టు సీడీల్లోకి ఎక్కించి, ఒక్కోదాని మీదా స్కెచ్‌పెన్నుతో రాసి బీరువాలో పెట్టుకునేదాన్ని. సముద్రపు గాలికి కిటికీ ఊచలే తుప్పు పట్టే ఊరిలో ఆ సీడీలు ఎన్నాళ్ళుంటాయో అప్పట్లో నాకు చెప్పినవాళ్ళు లేరు. అవసరమైన రోజున బయటికి తీసి చూస్తే బూజులాంటి మచ్చలు, కంప్యూటర్లో పెడితే గరగర. షెడ్డు డ్రాయింగుల్లో సగం అలాంటి సీడీలోనే ఉన్నాయి, చివరి సగమైతే ల్యాప్‌టాప్‌లో తప్ప ఎక్కడా లేవు.

ఇక ఆయుధపూజ. మా ఇంట్లో ఆ పూజ మావయ్యగారిదే. ముందు గదిలో పాత పంచె పరిచి, పానాలు, హాక్సా, సుత్తి, లెవెల్ చూసే బద్ద, తాడుకు కట్టిన తూకపు గుండు అన్నీ తుడిచి వరసగా పెట్టేవారు. గుమ్మం బయట స్కూటర్ నిలబెట్టేవారు. రిటైరయ్యాక కూడా ఆ వరసలో ఒక్కటి తగ్గలేదు. అత్తయ్యగారి కత్తిపీట కూడా చివర్న ఉండేది. నా ల్యాప్‌టాప్‌ను పెట్టమని ఎవరూ అనలేదు, నేనూ అడగలేదు. అడిగి పెట్టించుకునేది కాదది.

ఆ సంవత్సరం అన్నీ సర్దాక మావయ్యగారు వరసకేసి ఒకసారి చూసి, వంటింట్లో ఉన్న నన్ను పిలిచారు.

"నీ పనిముట్టేదమ్మా? అదీ తెచ్చి పెట్టు."

పనిముట్టు అన్నారు. ఆట సామాను అనలేదు. చేతిలో ఉన్న గరిటె ఎక్కడ పెట్టానో గుర్తులేదు. ల్యాప్‌టాప్ తెచ్చి లెవెల్ బద్ద పక్కన పెట్టాను. పనిచేస్తున్న యంత్రానికే పూజ చేయాలని ఆయన పట్టుదల. ప్లాంటులో అంతే చేసేవారట. అందుకని మూత తెరిచి ఆన్ చేశాను. ఆయన పానాలకు పెట్టినట్టే దానికీ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, ఒక బంతిపువ్వు ఉంచారు. హారతి ఇచ్చారు. కొబ్బరికాయ కొట్టారు. క్రేన్లకూ, లారీలకూ, లేతు మిషన్లకూ ఉద్యోగమంతా ఎలా చేశారో అలాగే, చిప్పలోని నీళ్ళు దోసిట్లోకి తీసుకుని వరస ఈ చివర నుంచి ఆ చివరి దాకా చల్లుకుంటూ వెళ్ళారు. అన్నిటికంటే కొత్తగా వచ్చిన పనిముట్టని నా దానికి ఒక దోసెడు ఎక్కువే పోశారు.

తెర ఒకసారి మినుక్కుమని నల్లబడిపోయింది. నేను పరిగెత్తి బ్యాటరీ ఊడబీకి, దాన్ని బోర్లించాను. అక్షరాల సందుల్లోంచి కొబ్బరినీళ్ళు పంచె మీదికి కారాయి.

అత్తయ్యగారు తువ్వాలు తెచ్చారు. మేడ మీద ఎండలో ఆరబెట్టాం. సాయంత్రం దాకా మావయ్యగారు పులిహోర ముట్టలేదు. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి విషయం విని, అది పోతే పోనిమ్మన్నారు. అంతటితో ఆగినా బాగుండేది. అమ్మవారే వద్దన్నట్టుందనీ, ఈ గీతలు కట్టిపెట్టి పక్కవీధి కాన్వెంటులో టీచరుగా చేరితే పాపను కూడా చూసుకున్నట్టుంటుందనీ అన్నారు. అమ్మవారు నన్ను పని మానేయమనదల్చుకుంటే కొబ్బరినీళ్ళతో కబురు పంపక్కర్లేదని నేనన్నాను.

సర్వీసు సెంటర్ తెరిచిన రోజున సంచిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని బయల్దేరుతుంటే మావయ్యగారు చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడి ఉన్నారు. వద్దన్నా వినలేదు. ఇద్దరం బస్సెక్కి ద్వారకానగర్ వెళ్ళాం.

అద్దాల తలుపు, ఏసీ, టోకెను. మా వంతు వచ్చాక కౌంటర్ కుర్చీలో ఉన్నాయన కీబోర్డు సందుల్లో పసుపు చూసి, పక్కనున్నాయనకు చూపించి నవ్వాడు. మావయ్యగారు తల దించుకున్నారు. నాకు ఆ నవ్వు కన్నా ఆ దించుకున్న తల ఎక్కువ కష్టమనిపించింది. లోపలికి తీసుకెళ్ళి తెచ్చి, బోర్డు మార్చాలి, డిస్కు కూడా మార్చి కొత్తగా అన్నీ ఎక్కించి ఇస్తాం, పాత డిస్కు మా దగ్గరే ఉండిపోతుంది, అది మా రూలు అన్నాడు. అందులో ఉన్న డ్రాయింగులు కావాలన్నాను. డేటాకు మా బాధ్యత లేదని ఒక కాగితం జరిపాడు. జరిపింది నాకు కాదు, మావయ్యగారికి. ఇక్కడ సంతకం పెట్టండి సార్ అన్నాడు.

మావయ్యగారు ఆ కాగితం ముట్టుకోలేదు.

"అది ఆవిడ పని బాబూ. ఆవిడతో మాట్లాడండి" అన్నారు.

అప్పుడాయన నాకేసి తిరిగాడు. డిస్కు ఒక్కటీ విప్పి నా చేతికి ఇచ్చేయమని మెల్లగానే అడిగాను. కుదరదన్నాడు. ఎందుకు కుదరదంటే అలా ఎవరికీ ఇవ్వమన్నాడు. నేను చూసుకుంటూ ఉండగా కాపీ తీయమన్నాను. అదీ కుదరదట. పైగా, ఫొటోలూ పాటలే కదమ్మా, ఏమంత పోయిందని అన్నాడు. అంతే, నా "నేను" అక్కడితో సరి.

"నానీ కాయితం మీద సంతకం పెట్టను. డబ్బా నాది, లోపలున్న పనీ నాదే. మీ రూలు కోసం నా పని మీకు ఒదిలీసి ఎల్లనా? ఇటివ్వండి."

టోకెన్లు పట్టుకుని కూర్చున్నవాళ్ళంతా తలలు తిప్పారు. తిప్పితే తిప్పనీ. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని బయటికి వచ్చేశాను.

తిరుగు బస్సులో మావయ్యగారు, నువ్వు గీసిందంతా దాంట్లో ఏ భాగంలో ఉంటుందమ్మా అని అడిగారు. చెప్పాను. అగ్గిపెట్టెలు నాలుగు పక్కపక్కన పేర్చినంత పెట్టె, దాన్నే డిస్కు అంటారు, అది అడుగున ఒక మూలన ఉంటుంది, నీళ్ళు పైనుంచి పడ్డాయి కాబట్టి అక్కడిదాకా పోయాయో లేదో తెలియదు అని. అయితే విప్పి చూడొచ్చుగా అన్నారాయన. నేనూ అదే అనుకుంటున్నాను.

ఇంటికి రాగానే భోజనాల బల్ల ఖాళీ చేసి కూర్చున్నాను. ముందుగా తెల్లకాగితం మీద ల్యాప్‌టాప్ అడుగుభాగం బొమ్మ గీశాను. ఏ మరమేకు ఎక్కడిదో, విప్పిన మరను ఆ బొమ్మలో అక్కడే పెట్టడానికి. గడియారాలు విప్పే సన్న స్క్రూడ్రైవర్ మావయ్యగారి పెట్టెలోనే ఉంది. ఆయన దాన్ని తుడిచి నా చేతికిచ్చారు. ఎంతో పనితనం ఉన్న మనిషి, ఒక్కసారి కూడా ఇలా ఇవ్వు నేను విప్పుతానని అనలేదు. ఎదురుగా కూర్చుని, నేనిచ్చిన మరల్ని కాగితం మీద వాటి చోట్లలో పెడుతూ ఉన్నారు. అత్తయ్యగారు వంటింటి గుమ్మంలోంచి చూస్తూ నిలబడ్డారు.

మూత వచ్చింది. కీబోర్డు వైపంతా జిగటగా ఉంది. డిస్కు గూడు అంచున ఒక చుక్క ఎండి మరకైంది. మరక అక్కడే ఆగిపోయింది. డిస్కు పొడిగా ఉంది. పూజ రోజు తరవాత మావయ్యగారు మొదటిసారి నా మొహంలోకి చూశారు.

మర్నాడు మళ్ళీ ద్వారకానగర్ వెళ్ళి, కంప్యూటర్ విడిభాగాలు అమ్మే కొట్లో డిస్కు పెట్టుకునే చిన్న కేసు కొన్నాను. డిస్కును దాంట్లో బిగించి, తీగతో ఏ కంప్యూటర్‌కైనా తగిలించవచ్చు. మా వీధిలో ఎవరింట్లోనూ కంప్యూటర్ లేదు. అందుకని తిన్నగా ఆ వర్క్‌షాపు ఆఫీసుకే వెళ్ళాం, నేనూ మావయ్యగారూ. విషయం అప్పటికే అక్కడికి చేరిపోయింది.

"ఏటమ్మా, దసరాకి కంప్యూటర్‌కి తానం సేయించీసినారట? నా డ్రాయింగులున్నాయా, నేవా? నేవంటే సెప్పీ. ద్వారకానగర్‌లో గీసీవోళ్ళకి ఇచ్చీసుకుంటాను" అన్నాడాయన.

ఉన్నాయో లేవో ఇప్పుడే తేలుతుంది, ఒకసారి మీ కంప్యూటర్ ఇవ్వమన్నాను. కుర్చీ ఖాళీ చేశాడు. తీగ తగిలించాను. లోపల టిక్కు టిక్కుమని చప్పుడు, తెర మీద ఏమీ లేదు. తీసి మళ్ళీ పెట్టాను. అదే చప్పుడు. పోయినట్టుందని ఆయన మెల్లగా అన్నాడు. ఆ క్షణంలో కాన్వెంటు గేటు, నల్లబల్ల, మా ఆయన మాట అన్నీ కళ్ళముందు తిరిగాయి. అప్పుడు కనిపించింది, ఆ తీగకు రెండో కొస కూడా ఉంది. డిస్కుకు కరెంటు చాలకపోతే తగిలించడానికి ఇచ్చినది. దాన్నీ గుచ్చాను. టిక్కులు ఆగి, సన్నగా తిరుగుతున్న చప్పుడు మొదలైంది. నా ఫోల్డర్లు ఒక్కొక్కటిగా తెర మీదికి వచ్చాయి.

షెడ్డు డ్రాయింగు తెరిచాను. ఫిట్టర్లు డ్రాయింగు చేతికి రాగానే ముందు చూసేది ఆ కుడిమూలనే. ఏ పని, ఎన్నో కాగితం, ఎవరిది అని. మావయ్యగారు కళ్ళజోడు సర్దుకుని, అలవాటు కొద్దీ తెరమీద ఆ మూలకే వంగారు. గడిలో ఉన్న నా పేరు ఒక్కో అక్షరం కూడబలుక్కుని పైకి చదివారు. పెళ్ళయినప్పట్నుంచీ ఆయన నన్ను అమ్మా, అమ్మాయ్ అనే పిలిచారు. నా పేరు ఆయన నోట వినడం అదే మొదలు. నాకు ఏడుపు ఆగలేదు. ఆ వర్క్‌షాపాయన ముందు ఏడ్చినందుకు నాకేమీ సిగ్గు లేదు.

డ్రాయింగులు ఇచ్చాను. షెడ్డు లేచింది. ఇప్పటికీ ఆ దారిలో బస్సులో వెళ్తే తల తిప్పి చూసుకుంటాను. ల్యాప్‌టాప్‌ను వేరే చోట బాగు చేయించాను, డిస్కు నా దగ్గరే ఉంచుకుని. డిస్కు తీసేశాక దాన్ని ఎవరి చేతిలో పెట్టడానికైనా నాకు బెరుకు లేదు. బోర్డు కడిగి, కీబోర్డు మార్చారు. పసుపు మరక మాత్రం ఒక అంచున మిగిలిపోయింది. పోగొట్టమంటారా అని అడిగితే అక్కర్లేదన్నాను.

అప్పట్నుంచి నా పని మూడు చోట్ల ఉంటోంది. ఒకటి ల్యాప్‌టాప్‌లో, ఒకటి బీరువాలోని డిస్కులో, ఇంకొకటి మా ఊళ్ళో మా అమ్మ ట్రంకుపెట్టెలో. మొదటిసారి ఇచ్చినప్పుడు "ఏటే ఇది?" అని అమ్మ అడిగింది. నా పనే అమ్మా అన్నాను. తన పట్టుచీర మడతల్లో పెట్టి తాళం వేసింది.

తరవాతి దసరా వచ్చింది. మావయ్యగారు పాత పంచె పరిచి, పానాలు, హాక్సా, సుత్తి, తూకపు గుండు పెట్టుకుంటూ వచ్చారు. లెవెల్ బద్ద పక్కన ఏదీ పెట్టలేదు. నన్ను పిలవలేదు కూడా. అత్తయ్యగారు కత్తిపీట తెచ్చి, ఆ ఖాళీకేసి ఒకసారి చూసి, చివర్న పెట్టారు. మా ఆయన ఆ రోజు ఇంట్లోనే ఉన్నారు. నేను బల్ల మీది ల్యాప్‌టాప్ ఎత్తడం చూసి, మళ్ళీనా అన్నారు. మళ్ళీనే అన్నాను.

తీసుకెళ్ళి లెవెల్ బద్ద పక్కన పెట్టి మూత తెరిచాను, ఆన్ కూడా చేశాను. మావయ్యగారు కొబ్బరికాయ చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయారు. వద్దమ్మా, ఎందుకొచ్చింది అన్నారు. సర్వీసు సెంటర్లో దించుకున్న ఆ తల నాకు గుర్తొచ్చింది. ఈ ఇంట్లో నా చేతిలో ఉన్నదాన్ని పనిముట్టని మొట్టమొదట పిలిచిన మనిషి, ఆ మాట అన్నందుకు ఒక ఏడాదిగా బాధపడుతున్నారు. ఆ బాధ అక్కడితో అయిపోవాలనుకున్నాను. అత్తయ్యగారు, మా ఆయన, అందరూ వింటుండగానే అన్నాను. ఈసారి కోపంలో కాదు.

"నాను కాపీ తీసీసినాను మావయ్యగారూ. కొట్టండి."

ఆయన కాయ కొట్టారు. దోసిట్లోకి నీళ్ళు తీసుకుని పానాల మీద చల్లారు, హాక్సా మీద చల్లారు, లెవెల్ బద్ద మీద చల్లారు. నా దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. నేను చెయ్యి చాపి మూత దించాను. మూత మీద చల్లారు, మిగతా వాటి మీద ఎంత చల్లారో అంతే.